పత్తి గదిలో ఉండగా నేల కదిలింది

నా చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిన పక్కింటి అక్క పోయినేడు పోయింది. చివరిసారి చూడబోతే మంచంలోంచే “ఊపిరి ఆడుతోందా నీకు?” అని అడిగింది. “ఆడుతోందక్కా” అన్నాను. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. వాళ్ల కోడలు ఆవిడకి మతి తప్పిందనుకుంది. తప్పలేదు. ఆ మాట ఎక్కడిదో చెబుతాను, రాసుకో మనవరాలా.

మాది పర్చూరు పక్క పల్లె. మంచి ధర వచ్చేదాకా పత్తిని అమ్మకుండా, ఇంట్లోనే ఒక గదిలో కప్పుదాకా పోసేవాళ్లు. పోసినకొద్దీ అణగడానికి పిల్లల్ని ఎక్కించి తొక్కించేవాళ్లు. గది తలుపు లోపలికి తెరుచుకునేది. ఆ తలుపు వారనే కుప్ప పొయ్యకూడదని ఎవరికీ తోచలేదు. ఊరంతా అలాగే పోసేది మరి.

ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే తొక్కుతున్నాను. ముందు వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. తర్వాత గోడ కదిలింది. నేను చూస్తుండగానే కుప్ప సగానికి చీలి తలుపు మీదికి జారిపోయింది. దాంతోపాటు నేనూ జారి, కిటికీ దగ్గర నడుందాకా కూరుకుపోయాను. పత్తి మెత్తన అంటారు. మీద పడితే తెలుస్తుంది దాని సంగతి. నూగు ముక్కులో, నోట్లో, కళ్లలో. బయట మా నాన్న తలుపు తోస్తున్నాడు. తోసేకొద్దీ పత్తి ఇవతల బిగుసుకుంటోంది. కాళ్లు విడిపించుకుందామని నేను కింది పత్తి లాగాను. పైనున్నదంతా దిగి గుండెలదాకా వచ్చింది. ఇక అరవడానికి కూడా గాలి లేదు.

అప్పుడు కిటికీ ఊచల అవతల అక్క కనబడింది. బాపట్లలో టీచరు చదువు చదివేది.

“లాగావంటే చంపుతా. కదలకు. ఊపిరి ఆడుతోందా నీకు? చెయ్యి ఇటివ్వు.”

ఊచల్లోంచి నా అరచేతికి తన అరచెయ్యి ఆనించి, నొక్కమంది. తనూ నొక్కింది. ఇద్దరి చేతులూ వణికాయే తప్ప కదల్లేదు. ఉన్నట్టుండి జారి నా వేళ్లు ఊచకి తగిలాయి. “ఇందాక జరిగింది ఇదే” అంది.

భూమి పైపొర ఒక్క ముక్క కాదట. పెద్ద పెద్ద పలకలట. గోరు పెరిగినంత మెల్లగా కదులుతాయట. అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగిసి, ఓర్చి ఓర్చి ఒక్కసారి జారితే నేల అదురుతుందట. ఒక పలక ఇంకోదాని కిందికి దూరి లోతుకు పోయినచోట రాయి కరిగి పైకి తన్నుకొస్తే అది అగ్నిపర్వతమట. సముద్రం అడుగున అంచు ఎగిరి లేస్తే, మీదున్న నీళ్లన్నీ కదిలి ఒడ్డున పడతాయట.

“మన ఊరు అంచునుందా అక్కా?” అని ఏడ్చాను.

“లేదే పిచ్చిమొహమా. మనం పలక నడిమధ్యన ఉన్నాం. అంచుల దగ్గర తోపులాటకి ఇక్కడి పాత పగులొకటి కాస్త సర్దుకుంది. అంచునుంటే నీకు పాఠం చెప్పే తీరికుండేదా నాకు?”

నవ్వొచ్చింది. నవ్వబోయి దగ్గాను. అక్క నా చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగి అరిచింది. “బాబాయ్, తలుపు తొయ్యకండి. మీరు తోసేదంతా దాని మీదికే వస్తోంది. పెంకులు ఊడదీసి పైనుంచి తియ్యండి.”

నాన్న ఇంటి కప్పెక్కాడు. పెంకులు తీసినచోట వెలుగు పడింది. మనుషులు గంపలతో దిగి, పైనుంచి కొద్దికొద్దిగా తోడారు. నా మోకాళ్లు కనబడేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు.

ఇప్పటికీ కొత్త ఇంట్లో అడుగుపెడితే, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తాను. మీ తాత పోయినప్పుడు లేవమని, తినమని, ఏడవమని, ఏడవొద్దని తలా ఒక పక్కనుంచి తోశారు నన్ను. తోసేకొద్దీ బిగుసుకుపోయాను. అందుకే ఎవరింట్లో చావైనా నేను వెళ్లి ఏమీ చెప్పను. పక్కన కూర్చుని చెయ్యి ఇస్తాను, వాళ్లు వదిలేదాకా.

ఏదీ, రాసింది మొదటినుంచీ చదువు. అక్క తిట్టినవి తీసెయ్యలేదు కదా?