మైకుకిచ్చిన బ్యాటరీ

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా రోడ్ల మీద శిబిరాలు నడిచిన రోజుల్లో నేను మహబూబాబాద్‌లో ఒక దినపత్రికకు విలేకరిగా ఉన్నాను. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. రోడ్డు మీద తిరిగేవి అంబులెన్సులు, పెండ్లి బండ్లు, మా బండ్లు. ముందు ప్రెస్ అని రాసి ఉంటే ఏ శిబిరమూ అడ్డుకునేది కాదు. ఆపినా చాయ్ తాగి పొమ్మనే ఆపేది.

అట్లా చాయ్ తాగిన చోటల్లా బండి బ్యాటరీ ఇచ్చి పోవడం మాలో చాలామందికి అలవాటైంది. శిబిరమంటే షామియానా, కొన్ని కుర్చీలు, ఒక మైకు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోతే మైకు పెట్టెకు ఎవరి బండి బ్యాటరీయో తగిలించేవారు. నా పాత బండి కార్బురేటర్ బండి. బ్యాటరీ లేకపోతే హారన్ మోగదు, ఇండికేటర్ వెలగదు, అంతే. ఒక్క తన్ను తన్నితే లేచేది. సాయంత్రం మళ్ళీ అటు వెళ్ళినప్పుడు బ్యాటరీ తెచ్చుకునేవాణ్ణి.

ఆ బండిని జనగామలో మార్చి, ఒకరు వాడిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి తీసుకున్నాను. బండి మారింది గానీ అలవాటు మారలేదు.

అప్పుడే మొగుళ్లపల్లిలో మా అక్క బిడ్డ పెండ్లి కుదిరింది. పిల్లగాడు భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు. గనుల్లోనూ సమ్మె కాబట్టి సెలవు అడిగే పని లేదని మా బావ తొందరపడి ముహూర్తం పెట్టించాడు. మా దగ్గర పెండ్లికూతురి మెడలో రెండు పుస్తెలు పడాలి. ఒకటి అత్తింటివాళ్ళది, ఒకటి పుట్టింటిది. మా ఇంట్లో పుట్టింటి పుస్తె మేనమామే తేవాలి. పైగా తరతరాలుగా ఆ పుస్తె జనగామలో బంగారం పని చేసే ఒకే అవుసలి కుటుంబం చేతి మీదుగా రావాలి. దుకాణాలు మూసి ఉన్నందున ఆయన పని ఆలస్యమై, పెండ్లికి ముందు రోజు సాయంత్రం వెనక తలుపు తీసి పుస్తె నా చేతిలో పెట్టాడు. దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, మా ఆవిడను ఎక్కించుకోవడానికి మహబూబాబాద్ వచ్చాను.

తెల్లవారి ఇద్దరం బయలుదేరాం. గూడూరు, నర్సంపేట, పరకాల మీదుగా పోవాలి. ముహూర్తం మధ్యాహ్నానికి ముందే. దారి సాఫీగా ఉంటే ముందే చేరతాం, కానీ ఆ రోజుల్లో దారి సాఫీగా ఉంటుందని ఎవరూ అనుకునేవారు కాదు. అక్క అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. జేబు మీద చెయ్యి వేసి చూసుకోవడం, మళ్ళీ యాక్సిలరేటర్ తిప్పడం, ఇదే పని నాకు.

గూడూరు దగ్గర రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. డప్పులు మోగుతున్నాయి. మైకు మాత్రం మూగబోయి ఉంది. శిబిరం నడిపేది సమ్మెలో ఉన్న ఒక బడిపంతులు. నన్ను చూడగానే ఆయన ఎదురొచ్చాడు.

"అన్నా, కరెంటు పోయింది. పెద్దమనుషులు మాట్లాడెతందుకు వస్తున్నరు. జర బ్యాటరీ ఇయ్యి, చాయ్ తాగెలోపల ఇచ్చేస్తం."

మా ఆవిడ వెనక నుంచి నా నడుం మీద గట్టిగా గిచ్చింది. పెండ్లికి పోతున్నామని చెప్పాను. చాయ్ తాగేంతసేపే కదా అన్నాడు. మాటలు వింటే నాకూ వార్త దొరుకుతుంది. బ్యాటరీ విప్పి ఇచ్చాను.

చాయ్ అయిపోయింది. ఉపన్యాసం కాలేదు. ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. మా ఆవిడ పట్టుచీర కొంగు నడుముకు చుట్టి రోడ్డు పక్కన అటూ ఇటూ తిరుగుతోంది. చివరికి మైకు గొంతు సన్నబడి, గురగురమని ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. నా బ్యాటరీ నా చేతికొచ్చింది.

బిగించి తాళం తిప్పాను. మీటరు మీద దీపం మినుకుమని ఆరిపోయింది. తన్నాను. మళ్ళీ తన్నాను. నలుగురు కలిసి తోశారు. బండి ఉలకలేదు.

కార్బురేటర్ బండిలో పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. ఈ బండిలో అలా కాదు. ట్యాంకులో ఒక చిన్న మోటరు ఉంటుంది, అది తోస్తేనే పెట్రోలు ఇంజన్‌కు అందుతుంది. ఎంత తోయాలో చెప్పేది ఒక కంప్యూటర్ డబ్బా. ఆ రెండింటికీ బ్యాటరీయే ప్రాణం. అది ఖాళీ అయ్యాక కాలు విరిగేదాకా తన్నినా ఒకటే. బండి కొన్నప్పుడు జనగామలో ఈ సంగతి చెప్పే ఉంటారు. ధర మాట్లాడేటప్పుడు ఇట్లాంటివి ఎవరు వింటారు!

దగ్గరి తండాకు చెందిన ఒకాయన చేనుకు పోతూ అక్కడ ఆగాడు. ఆయనది నా పాత బండి లాంటిదే. నన్నూ నా చెమటనూ చూసి తన బండి సీటు ఎత్తాడు.

"నాది తీస్కపో అన్న. నా బండి తన్నితే లేస్తది. పెండ్లయినంక తెచ్చియ్యి."

ఆ బ్యాటరీ మాదాని కన్నా సన్నం. పెట్టెలో కదలకుండా చుట్టూ కాగితాలు మడిచి కుక్కాం. ఆ కాగితాలు మా పత్రికవే. పైన సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాం. నా ఖాళీ బ్యాటరీని చార్జింగ్ పెట్టిస్తానని పంతులు తీసుకున్నాడు.

తాళం తిప్పి వెంటనే బటన్ ఒత్తాను. ఇంజన్ తిరిగింది, దగ్గింది, ఆరిపోయింది. తాళం తీసి మళ్ళీ తిప్పి మళ్ళీ ఒత్తాను. అదే దగ్గు. మైకులో ఉపన్యాసం, చుట్టూ డప్పులు. జేబులో ఫోన్ మోగింది. ఎక్కడి దాకా వచ్చారని అక్క అడిగింది. గూడూరు అన్నాను. ఇంకా గూడూరేనా అని మెల్లగా అంది. తిట్టినా అంత బాధపడకపోదును. పెండ్లి చేసే అయ్యగారు పుస్తెలు పళ్ళెంలో పెట్టమంటున్నారట. పళ్ళెంలో ఒకటే ఉందట.

ఫోన్ పెట్టేసి మళ్ళీ తాళం మీద పడ్డాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"రోజు తాళం తిప్పంగనే లోపల కుయ్యిమని సప్పుడొస్తది గదా, అది వినవడ్డదా?"

ఈ లొల్లిలో ఏం వినబడుతుందన్నాను.

"అది ఆగినంకనే రోజు బటన్ ఒత్తుతరు. ఇయ్యాల దాన్ని ఊపిరి తీసుకోనిస్తలేరు."

నిజమే. తాళం తిప్పగానే మోటరు మోగేది, పెట్రోలు గొట్టాలు నిండాక ఆగేది, దీపం ఆరేది. ఇంట్లో హెల్మెట్ పెట్టుకునేలోపు అది జరిగిపోయేది కనుక నేను ఏనాడూ పట్టించుకోలేదు. వెనక కూర్చునే మనిషికి వినడం తప్ప వేరే పనేముంది? కానీ ఈ అరువు బ్యాటరీ బలహీనంగా ఉంది, మోటరు ఎంతసేపు తీసుకుంటుందో చెప్పలేం. దీపం చూద్దామంటే ఎండలో కనబడటం లేదు. ఆ శబ్దం వింటే తప్ప ఎప్పుడు ఒత్తాలో తెలియదు.

ఆమె నేరుగా షామియానాలోకి నడిచింది. మాట్లాడుతున్న పంతులు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. ఆయన వాక్యం సగంలో ఆపి మైకులోనే అన్నాడు.

"అందరు జర సప్పుడు చెయ్యకుండ్రి. డప్పులు ఆపుండ్రి. గా బండి మీద పుస్తె పోతున్నది."

డప్పులు ఆగాయి. నినాదాలు ఆగాయి. ఎన్నో వారాలుగా ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేను వినలేదు. గుండిగలో అన్నం ఉడికే చప్పుడు వినిపించింది. తాళం తిప్పాను. ట్యాంకులో సన్నగా కుయ్యిమంది. చేతులు బటన్ మీదికి పోతుంటే బలవంతంగా ఆపుకున్నాను. చప్పుడు ఆగింది. అప్పుడు ఒత్తాను.

ఇంజన్ అందుకుంది. అందుకుంది గానీ ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ కొట్టుకుంటోంది. బ్యాటరీ తీసి పెట్టాక ఆ కంప్యూటర్ డబ్బా తన లెక్కలు మళ్ళీ సర్దుకుంటుందని తర్వాత తెలిసింది. యాక్సిలరేటర్ ఇవ్వబోతే మా ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. మెల్లగా చప్పుడు కుదురుకుంది. శిబిరమంతా ఒక్కసారిగా జై కొట్టింది, ఉద్యమానికో మా బండికో తెలియదు.

ఆ తర్వాత ఇంజన్ ఆపలేదు. నర్సంపేట దాటాక ఇంకో శిబిరంలో ఇంజన్ ఆపి దిగమన్నారు. ఆపితే మీరే మొగుళ్లపల్లి దాకా తోయాలె అంది మా ఆవిడ. నవ్వి వదిలేశారు.

పెండ్లి ఇంటి ముందు బండికి స్టాండ్ వేసి, ఇంజన్ నడుస్తుండగానే వదిలి లోపలికి ఉరికాను. పందిరి గుంజ పట్టుకుని అక్క నిలబడి ఉంది. ఆమె నన్ను చూడలేదు, నా జేబును చూసింది. పుస్తె తీసి చేతిలో పెడితే కండ్లకద్దుకుని పళ్ళెం దిక్కు పోయింది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని పీటల దగ్గరికి నడిపిస్తుంటే బయట ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. పెట్రోలు ఉత్తగా పోతోందని మా బావ ఆపాడట. నేను తల తిప్పి బయటికి చూస్తే, ఏమైంది మామా అని పిల్ల అడిగింది. ఏం లేదు బిడ్డా, నడువు అన్నాను.

మరునాడు కుయ్యిమన్న చప్పుడు ఆగేదాకా ఆగి ఒత్తితే బండి లేచింది. తిరుగు ప్రయాణంలో లడ్డూల పొట్లంతో గూడూరు చేరాం. ఉపన్యాసం నడుస్తోంది. పంతులు మమ్మల్ని చూసి మైకులోనే అడిగాడు, పుస్తె వేళకు అందిందా అన్నా అని. నేను బండి దిగేలోపే మా ఆవిడ పొట్లం పైకెత్తి చూపించింది.

తండా ఆయన నా బ్యాటరీని తువ్వాలలో చుట్టి తెచ్చాడు. పంతులు చార్జింగ్ పెట్టించి ఇచ్చాక తన బండికి తగిలించి చూశాడట.

"హారన్ మస్తు మోగుతున్నదన్న. ఇయ్యబుద్ధయితలేదు."

మా పత్రిక కాగితాలు తీసేసి ఎవరి బ్యాటరీ వారికి బిగించాం. సీటు వేసి బండెక్కాను. ఈసారి చప్పుడు ఆపమని ఎవరూ అడగలేదు. తాళం మీద చెయ్యి పెట్టగానే డప్పులు వాటంతటవే ఆగిపోయాయి.