పద్నాలుగో నంబరుకు ఆమెన్

కుండీల కోసం తెప్పించిన పొట్టు సంచి విప్పగానే ఎండిన మొక్కజొన్న బెండ్ల వాసన గుప్పుమంది. కర్దనూర్‌లోని మా రెండు గదుల ఇల్లు, పాశమైలారంలో డ్యూటీ దిగి వచ్చే మా నాయిన చొక్కా ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన ఎలుకల పెట్టెల్లో పరిచేది ఆ పొట్టే.

నాయిన ఒక మందుల కంపెనీలో ఎలుకలను సాకేవాడు. పుట్టుకతోనే రక్తపోటు ఎక్కువగా ఉండే తెల్ల ఎలుకలు. గుండె మందులు ముందు వాటికి ఇచ్చి, తోకకు ఉంగరమంత పట్టీ తగిలించి బీపీ చూసేవారు. ఎలుక బెదిరితే లెక్క తప్పుతుంది కనుక రోజూ ఒకే మనిషి, ఒకే వాసనతో పట్టుకోవాలి. అందుకే నాయిన తలకు నూనె రాయడు, పౌడరు వేయడు. వాడకట్టంతా సెంటు పూసుకుని చర్చికి వచ్చే క్రిస్మస్ నాడు కూడా ఆయన ఉత్త సబ్బునీళ్ల మనిషే.

"పెండ్లాం చెప్తే గిట్లనే ఇంటవా?" అని అమ్మ ఎత్తిపొడిచేది.

"అవి నీ లెక్క ఒర్రుతయా మరి?" అని నాయిన నవ్వేవాడు.

ఎలుకలను చుట్టి పట్టుకోవడానికి మెత్తటి గుడ్డ కావాలంటే, అమ్మ నా పాత పసుపు గౌనును చిన్న సంచిగా కుట్టి ఇచ్చింది. పద్నాలుగో నంబరు ఎలుక అందులో దూరిందంటే కదలదని నాయిన చెప్పాడు. దాని బీపీ తగ్గాక ఏం చేస్తారని అడిగాను.

"మంచిగైతది గదా. ఇగ తిని పంటది."

ఆ మాట నాకు చాలు. చింతకాయ తొక్కు నూరే చలిరోజులు, ఇల్లంతా గరిజెల నూనె కమ్ముకునే క్రిస్మస్ వారం గడిచి, ఎండలు మొదలై, ఈస్టరుకు ముందు శ్రమ దినాల ఉపవాసాలు వచ్చేదాకా, రోజూ కుటుంబ ప్రార్థనలో "ప్రభువా, పద్నాలుగో నంబరు బీపీ తగ్గించు" అని వేడుకునేదాన్ని. అందరికంటే గట్టిగా నాయిన ఆమెన్ అనేవాడు.

అప్పటికే పటాన్‌చెరు లైబ్రరీలో పిల్లల బీరువా ముగించి పెద్దల బీరువా మీద పడ్డాను. గుండె జబ్బుల గురించి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. పరీక్ష చివర ఎలుకను చంపి, గుండె తీసి తూస్తారట; రక్తపోటుకు అది ఎంత బలిసిందో, మందు ఎంత ఆపిందో అప్పుడు తెలుస్తుందట. అర్థమైనా మళ్లీ చదివాను.

సాయంత్రం నాయిన కాళ్లు కడుక్కుంటున్నాడు. "పద్నాలుగో నంబరు ఉన్నదా, నాయినా?"

చెంబు కింద పెట్టాడు. "లేదు బిడ్డా."

"ఎప్పుడు?"

"క్రిస్మస్‌కు ముందటనే. ఏడుస్తవని చెప్పలే."

ఆ మందు మనుషుల గుండెలు కాపాడుతుందని కూడా ఆ పుస్తకంలోనే ఉంది, దాన్ని ఒప్పుకోగలిగాను. కానీ చచ్చిన ఎలుక కోసం నా పక్కన మోకరించి, అన్ని వారాలు ఆమెన్ అన్నాడే! ఆ రోజు ప్రార్థనలో నోరు విప్పలేదు. తరువాత ఏ సందేహం వచ్చినా ఆయనను అడగలేదు, లైబ్రరీకి నడిచాను. నా చదువంతా అలా వచ్చిందే.

ఇప్పుడు ఆ ఇంటి చోట గోదాము లేచింది. నాయిన నా దగ్గరే ఉంటాడు. నిన్న డాక్టరు ఆయనకు కొత్త బీపీ మాత్రలు రాశాడు. పెట్టెలోని మడత కాగితం నా చేతిలో పెట్టి, "జెర సదువు బిడ్డా, నువ్వు మంచిదంటే మింగుత" అన్నాడు. చదివి, మంచిదే అన్నాను. ఇంకో మాట అడగకుండా మింగేశాడు.

అదే మాత్ర ఆయన నాకిచ్చి మంచిదంటే, నేను ముందు కాగితం విప్పుతాను.