వంటింటి ఫ్యాను

మొన్న కొత్తింటి వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేశాను. దాని రొద వినగానే నా చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయింది. ఆపడం నాకు చిన్నప్పటి అలవాటు.

అప్పుడు రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఉండేవాళ్లం. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మస్తాన్ మామ భోజనానికి వచ్చేవాడు. అమ్మ వాళ్ల ఊరివాడు. నాన్నే తన కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చే సౌదీ యజమానిని, బతిమాలి అతనికి డ్రైవర్ వీసా తీయించాడు. నాన్నంత మంచివాడు లేడనుకునేదాన్ని.

తినడం కాగానే నాన్న నా చెవిలో, "పాపా, మామను ఆ పాట పాడమని అడుగుపో" అనేవాడు. పెద్దవాళ్లు అడిగితే గొంతు బాగలేదనే మామ నన్ను మాత్రం కాదనలేడు.

"సద్దచేను గట్టుమీద మాటిస్తివే పిల్లా, కోతలన్నా కాకముందే యాడికి పోతివే..."

తలొంచుకుని పాడేవాడు. పాట మొదలవగానే వంటింట్లో అమ్మ ఫ్యాను వేసేది.

"మీ అమ్మకు పాటంటే గిట్టదు. పోయి ఆ ఫ్యాను ఆపు" అన్నాడు నాన్న ఒకసారి. వెళ్లి ఆపాను.

"వద్దు పాపా, పొగ" అంది అమ్మ. పొయ్యి ఆర్పేసి ఉంది.

"నా కూతురంటే నువ్వే!" అని నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

అమ్మకూ మామకూ పెళ్లిమాట ఖాయమై తప్పిపోయిందనీ, అది తెలిసే నాన్న అతన్ని పిలిపించాడనీ చాలా ఏళ్లకు పెద్దమ్మ చెప్పింది.

అది వినగానే నాకు, ఫ్యాను ఆపిన తర్వాతి శుక్రవారం గుర్తొచ్చింది. మామ ఇంకా గొంతు సవరించుకుంటున్నాడు. ఈసారి ఎవరూ చెప్పలేదు. నేనే వంటింట్లోకి పరుగెత్తి, అమ్మ చెయ్యి అందకుండా, స్విచ్‌కు వీపు ఆనించి నిలబడ్డాను.