ఐదు లీటర్ల గాజుసీసా

మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక పాత పెట్రోలు పంపు ఉంది. కరెంటుతో పనిలేని రకం. ఆరడుగుల ఇనుప స్తంభం, దాని నెత్తిన ఐదు లీటర్ల గాజుసీసా, పక్కన చేత్తో ఆడించే లివరు. లివరు ఆడిస్తే పెట్రోలు పైకెక్కి అందరి కళ్ళ ముందే సీసా నిండుతుంది. ఎక్కువైంది లోపలున్న చిన్న గొట్టంలోంచి మళ్ళీ కిందికే పోతుంది. నిండిన ఐదు లీటర్లూ రబ్బరు పైపులోంచి బండిలోకి దిగుతాయి. కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే ఆడదానికి ఈ తుక్కెందుకని మా ఆయన సణుగుడు. ఆయనకు రోజంతా క్రికెట్టెందుకని నేనెప్పుడైనా అడిగానా?

పంపు ఇచ్చింది మా వీధిలో హార్డ్‌వేర్ కొట్టున్న చాచా. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు వాళ్ళ నాన్న పర్ణశాల రోడ్డులో పెట్రోలు బంకు నడిపేవారు. అక్కడ కొలత తక్కువని పుకారు పుట్టింది. గాజులో కనపడేదానిలో మోసమెక్కడని ఆయన మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. బంకు మూతపడింది, ఆ నింద మోస్తూనే ఆయన పోయారు. నిజమేమిటో కొలిచి చూసే ధైర్యం కొడుక్కి ఇన్నేళ్ళూ చాలలేదు. పంపు నాకిస్తూ ఒక్కటే అడిగారు.

"బాగైనంక మొదలు నా ముంగటనే కొలువు బిడ్డా. తక్కువొస్తే తక్కువనే చెప్పు. దాచకు."

ఇక నన్ను ఆపేదెవరు? విప్పితే లోపల ఏ వరదకు చేరిందో గోదావరి బురద, రాయై కూర్చుంది. తుప్పును కిరోసిన్‌తో వదిలించాను. తోలు వాషరు ఎండి అప్పడంలా ఉంటే ఇప్పనూనెలో నానేసి మెత్తబరిచాను. నా అనుమానమంతా సీసాలోని చిన్న గొట్టం మీదే. దాన్ని కాస్త కోసి పొట్టి చేస్తే చాలు, సీసా నిండకుండానే పెట్రోలు వెనక్కి పోతుంది. భూతద్దం పెట్టి వెతికాను. ఆకురాయి గీత ఒక్కటీ కనపడలేదు. అయినా కొలిచేదాకా నమ్మకమేముంది?

ఆదివారం పొద్దున చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పెట్రోలు బదులు నీళ్ళు పెట్టాను. లారీ ట్యాంకు ఎత్తున బల్ల వేసి, దాని మీద కొలత డబ్బా ఉంచి, పైపు అందులో పెట్టాను. సీసా నిండింది, వదిలాను. నీళ్ళు డబ్బాలో గీత దాకా రాలేదు. గ్లాసెడు తక్కువ.

ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నానురా దేవుడా అనుకున్నాను. కానీ సీసా నిండాకే వదిలానుగా, నీళ్ళేమైనట్టు? అప్పుడు చూశాను, పంపుకూ బల్లకూ మధ్య పైపు ఉయ్యాలలా వేలాడుతోంది. దాన్ని పంపు దగ్గర్నుంచి భుజం మీదికి ఎత్తుకుంటూ వచ్చాను. గుడగుడమని నీళ్ళు దిగి, సరిగ్గా గీత దగ్గర ఆగాయి.

కొలత ఐదంటే ఐదేననీ, పైపు ఎత్తి ఖాళీ చేస్తే చాలనీ, వాళ్ళ నాన్న మీద నింద అబద్ధమేననీ సంతోషం పట్టలేక గబగబా చెప్పేశాను. చాచా నవ్వలేదు. బల్ల అంచున కూలబడి పైపు చేతిలోకి తీసుకున్నారు. వాళ్ళ నాన్న ప్రతి బండికీ పైపును అట్లాగే భుజానికెత్తి దులిపేవారట. అది చాదస్తమనుకునేవారట తను.

"పగటీలి మా అబ్బా అన్నానికి పోతే నేనే పోసేటోణ్ణి," అన్నారు. "లారీలోళ్ళు జల్దీ జల్దీ అంటుంటే పైపు ఎత్తకుండనే కిందికి వదిలేసేటోణ్ణి. మిగిలింది మన్నుల పోయేది."

కొలవకపోతేనే బాగుండేదనిపించింది. చాచా లేచి, మళ్ళీ నింపమన్నారు. నేను లివరు ఆడించి సీసా నింపి వదిలాను. ఆయన పైపును భుజానికెత్తుకుని చివరి చుక్క దాకా దులిపారు. నీళ్ళు గీతను తాకాయి. అయినా పైపు దించలేదు, దులుపుతూనే ఉన్నారు.