చుక్క పడే రాయి

"మీ పెదనాన్న నన్ను కట్టుకున్నాడు గానీ, కాపురం చేసింది ఆ బండలతోనే" అనేది మా పెద్దమ్మ. అందులో అబద్ధమేమీ లేదు. రోడ్డు పక్కనున్న గుహకు ఇనుప తలుపు పెట్టించి, లోపల దొరికిన ఎముకలూ కుండ పెంకులూ అద్దాల బీరువాల్లో సర్ది, మ్యూజియం అని బోర్డు కట్టాడాయన. బస్సులు ఆగడం మొదలైంది.

జనం వచ్చేది మాత్రం పైకప్పు నుంచి వేలాడే తెల్లరాయి కోసం. దాని కొసన నీళ్లు ఊరి, చుక్కగా పడేవి. ఆ నీళ్లతోనే రాయి ఇంకా పెరుగుతోందని, అది బతికే ఉందని పెదనాన్న గర్వం. చుక్క పడేదాకా ఎవరైనా నోరు విప్పితే గుడ్లురిమేవాడు.

వానాకాలం బస్సులు బురదలో దిగబడుతున్నాయని, గుహ నెత్తిన అవి ఆగే నేలంతా చదును చేయించి సిమెంటు పోయించాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. వాన నీళ్లు లోపలికి ఇంకే దారి మూసుకుపోయింది. రాయి ఎండిపోయింది. సంగతి తెలిశాక తనే గడ్డపార పట్టుకుని సిమెంటంతా పగలగొట్టాడు. చేతులు కాలాక ఆకులు! వానలు కురిశాయి, వెలిశాయి, చుక్క రాలేదు. నీళ్లు వేరే దారి చూసుకున్నాయి కాబోలు.

ఆయన అన్నం మానేస్తే భయపడి, పెద్దమ్మే కుళాయిలు బిగించేవాణ్ణి పిలిపించి రాయి వెనక సన్నటి పైపు పెట్టించింది.

మొన్న నేను వెళ్లినప్పుడు గుహ నిండా జనం. చుక్క పడింది. "ఎన్ని వేల ఏళ్ల నాటి నీళ్లో!" అంటూ ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లు వెళ్లాక పెదనాన్న కుళాయి కట్టేశాడు.

"పోనీలే పెదనాన్నా, ఎవరూ కనిపెట్టలేదు. పరువు దక్కింది."

"పరువెవడిక్కావాల్రా! ఎవడో ఒకడు గుర్తుపట్టి, బంగారంలాంటి రాయిని చంపేశావు కదరా ముసలోడా అని నా చొక్కా పట్టుకుంటాడని రోజూ చూస్తున్నాను. ఒక్కడూ తిట్టడేం? చప్పట్లు కొట్టి పోతున్నారు."

ఏడుస్తున్నాడు. బయట ఇంకో బస్సు ఆగింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, కుళాయి తిప్పడానికి రాయి వెనక్కి వెళ్లాడు.