పాత వరస

కోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే అత్తగారు పైపుల పని అని చెప్పేది. అందులో వెటకారం కొంత, నిజం ఎక్కువ. ఒకసారి కోడలే విడమరిచి చెప్పింది. "మా ఆఫీసులో సమాచారమంతా ఒకచోట నిలవ ఉంటుందండీ. దాన్ని లేక్ అంటారు, అంటే సరస్సు. అందులో ఏదైనా మారితే ఆ మారిన ముక్క మాత్రం వెంటనే బయటికి పారేట్టు నేను దారి వేస్తాను."

అత్తగారు అంతా విని, "సరస్సులోంచి పారించడానికి పైపు కాకపోతే ఇంకేం కావాలి?" అంది. అప్పటినుంచి వీధిలో ఎవరి కుళాయి కారినా ఆ ఇంటి తలుపే తట్టేవారు.

ఆమె ఈ పనిలోకి పెద్ద చదువుతో రాలేదు. పెళ్ళికి ముందు ఒక రక్తపరీక్షల లాబులో టైపు చేసేది. డాక్టర్ల చేతిరాత పోల్చుకోవడంలో అందెవేసిన చెయ్యి. కాగితాలు పోయి తెరలు వచ్చాక, ఏ టేబుల్లో, అంటే ఏ పట్టికలో, ఏముందో ఆమెకే తెలుసని అందరూ ఆమెనే అడిగేవారు. అడిగినకొద్దీ నేర్చుకుంది. మనిషి మాట తక్కువ. ఎవరైనా పొగిడితే తెర వైపు తిరిగేది.

ఇప్పుడు పనిచేస్తున్నది బళ్ళ సంస్థలో. కిడ్నీలు పాడైన వాళ్ళని ఇంటి దగ్గర ఎక్కించుకుని డయాలసిస్ సెంటరుకి తీసుకెళ్ళి, పని అయ్యాక తిరిగి దింపే బళ్ళు. అత్తగారు కూడా అందులోనే వెళ్ళేది. కోడలి సిఫార్సా అని ఎవరో అడిగితే, "కాదు, నా సొంత అర్హత" అంది.

సరస్సులో ఉన్న టేబుళ్ళలో ముఖ్యమైనది ఒకటి. ఒక్కో రోగికి ఒక్కో వరస. పేరు, ఇల్లు, వేళ, ఎక్కాల్సిన బండి. పొద్దున్నే ఆ రోజు ఎక్కించుకోవలసిన వాళ్ళ వివరాలు డ్రైవర్ల ఫోన్లకి వెళ్ళేవి. ఆ తర్వాత ఏం మారినా వాళ్ళకి తెలిసేది కాదు. సెంటర్లో మిషను మొరాయిస్తుంది, ఒకరి వేళ ముందుకొస్తుంది, ఇంకొకరిది వెనక్కి పోతుంది. టేబుల్లో దిద్దుతారు. బండి మాత్రం పాత వేళకే పాత గుమ్మానికే పోతుంది. ముసలివాళ్ళు చెప్పులేసుకుని వీధి అరుగు మీద కూర్చుని ఉంటారు.

టేబుల్లో మార్పు జరిగిన క్షణంలోనే అది మెసేజీగా ఆ బండికి చేరాలి. ఆ పని ఆమెకి అప్పగించారు.

సరస్సుకి మొదటిసారి గేటు ఎత్తేటప్పుడు, అంటే మార్పుల్ని బయటికి వదిలేటప్పుడు, జాగ్రత్తగా ఉండాలని ఆమెకి తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పకపోతే టేబుల్లో ఉన్నదంతా ఆ పూటే కొత్తగా పుట్టినట్టు పారుతుంది. ఆ పొరపాటు చెయ్యలేదు. ఇంకొకటి చేసింది.

ఒక వరస మారితే సరస్సు రెండు వరసలు బయటికి ఇస్తుంది. మార్పుకి ముందు ఎలా ఉందో అది ఒకటి, తర్వాత ఎలా ఉందో అది ఒకటి. ఆఫీసులో మొదటిదాన్ని పాత వరస అనేవారు. మేనేజరు ఆమెకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. తెరకేసి చూసి అడిగాడు.

"ఒక్క మార్పుకి ఈ రెండేసి ఎందుకు మేడమ్? డ్రైవరుకి పాతదాంతో ఏం పని?"

"ఏం లేదనే అనుకుంటున్నాను."

"అయితే వడకట్టెయ్యండి. సోమవారం అన్ని బళ్ళకీ వదిలేద్దాం. ఈలోగా రెండు బళ్ళ మీద చూడండి."

ఆమె వడకట్టింది. రాసింది ఒక్క వాక్యమే. కొత్త వరస ఏ బండి పేరు చెబితే ఆ బండికి వెళుతుంది. పాత వరసలు జల్లెడలో ఆగిపోతాయి.

పరీక్షకి తీసుకున్న బళ్ళలో ఒకదాని డ్రైవరు అందరికీ బాబాయ్. బండెక్కిన ప్రతివాళ్ళతోనూ ఏదో ఒక వరస కలిపేవాడు. అత్తగారు అతనికి అక్క. తర్వాతి వీధిలో ఎక్కే దర్జీ బావ. బావ కాబట్టి దారంతా ఆటపట్టించేవాడు. కుట్టిన జేబులకన్నా మర్చిపోయిన జేబులే ఎక్కువని దర్జీని అంటే, నీ బండికన్నా నా మిషనే వేగంగా నడిచేదని దర్జీ అనేవాడు.

పరీక్ష మొదలైన పొద్దున అత్తగారి వంతు ముందుకి జరిగింది. బండి కూడా మారింది. బాబాయ్ బండి బదులు అటుగా వెళుతున్న పరీక్షలోని రెండో బండి. మెసేజి రెప్పపాటులో చేరింది. అత్తగారు వెళ్ళిపోయింది. ఆఫీసులో కోడలు తెర మీద ఆ మెసేజి చేరినట్టు చూసుకుని, తృప్తిగా టీ తాగింది.

సాయంత్రం అత్తగారు మంచం మీద నడుం వాల్చి చెప్పింది. "నాకోసం ఇవాళ రెండు బళ్ళు వచ్చాయే. రాణీగారికైనా ఒక్కటే పంపుతారు."

"రెండోది ఎవరిది?"

"మా తమ్ముడిది. పాపం, తాళం చూసి ఏమనుకున్నాడో. సెంటర్లో నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఏం తమ్ముడూ, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావేం అన్నాను. ఏడిచాడే, పిచ్చిమొహం." పక్కకి ఒత్తిగిలి అంది. "దర్జీని బాగా ఆలస్యంగా తెచ్చాడు. వెనక ఇంకొకళ్ళ వంతు ఉందని ఆయన్ని మిషను మీంచి సగంలోనే తీసేశారు. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు వాచి ఉన్నాయి."

కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. అన్నం వడ్డించింది, తను తినడం మర్చిపోయింది.

మర్నాడు బళ్ళు నిలిపే షెడ్డుకి వెళ్ళింది. బాబాయ్ అద్దం తుడుస్తున్నాడు.

"నిన్న మా ఇంటి దగ్గర చాలాసేపు ఆగారట."

"ఆగలేదమ్మా. కదల్లేకపోయాను." గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "తలుపు కొట్టాను. పలకలేదు. చూస్తే తాళం. మా బండిలో మనిషి చెప్పకుండా కనబడకపోతే దానికి ఒకటే అర్థం. ఇన్నేళ్ళలో ఎన్ని గుమ్మాలు చూశానో. బండిలోకొచ్చి కూర్చున్నాను. తాళంచెవి తిప్పడానికి చెయ్యి రాలేదు. బావ ఎదురుచూస్తున్నాడని తెలుసు. తెలిసీ రాలేదు."

"ఆఫీసుకి ఫోన్ చెయ్యాల్సింది, బాబాయ్."

"చేస్తే ఏం చెప్తారో అని భయం."

ఆమె తిరిగి వచ్చి తెర ముందు కూర్చుంది. కొత్త బండికి మనిషి వచ్చినట్టు తెలిసింది. పాత బండికి మనిషి పోయినట్టు తెలియలేదు. తెలియజేసే వరస ఆమె చేతుల మీదుగానే జల్లెడలో ఆగింది. ఎవరో కాదు, తన ఇంటి మనిషి వరసే.

మధ్యాహ్నం మేనేజరుతో మాట్లాడింది.

"పాత వరసలు కూడా పంపాలి. ఏ బండిలోంచి మనిషి మారితే ఆ బండికి. క్షేమంగా వేరే బండిలో వెళుతున్నారని."

"అంటే మళ్ళీ మొదటి నుంచీ పరీక్షలు. సోమవారమని పైవాళ్ళకి మాటిచ్చేశాను మేడమ్."

"మాటిచ్చింది మీరు. గేటు ఎత్తాల్సింది నేను."

అతను గోడ మీది క్యాలెండరు కేసి చూశాడు. ఆమె గొంతు పెంచలేదు. "ఇంకొకటి. టేబుల్లోంచి వరస పూర్తిగా తీసేస్తే తొలగింపు అని వస్తుంది. అది ఏ ఫోనుకీ పోకూడదు. నా దగ్గర ఆగాలి."

"అదెందుకు?"

"వేరే ఊరు వెళ్ళినా తొలగింపే, కిడ్నీ దొరికినా తొలగింపే, పోయినా తొలగింపే. మాట ఒక్కటే. అది చదివిన డ్రైవరు దారిలో ఉంటాడు. ఎందుకో నేను కనుక్కుని చెప్తాను."

సోమవారం దాటింది. తర్వాతి సోమవారం కూడా దాటింది. పైవాళ్ళ ఫోన్లకి మేనేజరే జవాబు చెప్పుకున్నాడు. ఆమె మీదికి తోసెయ్యలేదు. గేటు ఎత్తిన రోజున ఎవరూ గమనించలేదు. గుమ్మాల దగ్గర ఎదురుచూపులు తగ్గాయి. బాబాయ్ ఫోనుకి, ఫలానావారు ఈ పూట మరో బండిలో బయలుదేరారు అని వచ్చేది. అతను సరే అని పైకే అనేవాడట. ఫోనుతో మాట్లాడుతున్నాడని అత్తగారు నవ్వేది.

తర్వాత ఒక రోజు మొదటి తొలగింపు వచ్చి ఆమె దగ్గర ఆగింది. దర్జీది.

సెంటరుకి ఫోన్ చేసింది. నర్సు కాగితాలు తిరగేసి చెప్పింది. కూతురు వచ్చి తన ఊరు తీసుకెళ్ళిపోయింది. అక్కడి సెంటర్లో చేర్పించింది. ఆ రోజు గుమ్మంలో కూర్చోబెట్టి, తర్వాత సగంలో లేపేశారని ఆ అమ్మాయికి కోపం. ఇక్కడివాళ్ళ మీద నమ్మకం లేదంది.

ఆమె బళ్ళ జాడ చూపే పటం తెరిచింది. బాబాయ్ బండి సెంటరు ఆవరణలో ఆగి ఉన్నట్టు చూసుకుని, అప్పుడు అతనికి ఫోన్ చేసింది.

"మనిషి బాగున్నారు, బాబాయ్."

"ఎవరమ్మా?"

"దర్జీ గారు. కూతురి ఊరు వెళ్ళారు. ఇకనుంచి అక్కడే."

అటువైపు బండి తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత, "నాతో ఒక్క మాట అనలేదు. బావ అనుకున్నాం. వరస కలుపుకుంటే సరిపోతుందా?" అన్నాడు.

"ఆ రోజు ఆలస్యం అయిందని కూతురు తీసుకెళ్ళింది. తప్పు మీది కాదు, నాది. మీకు వెళ్ళాల్సిన మాట నేనే ఆపేశాను."

"బండిలో కూర్చుండిపోయింది నేను కదమ్మా." ఊపిరి పీల్చుకున్నాడు. "మీ పైపు ఇటు నుంచి అటు పోదా? ఇక్కడి మాట అక్కడికి?"

"పోదు. సరస్సులోంచి మన బళ్ళకే."

"అక్కడి డ్రైవరుకి తెలియాలి. ఆయన్ని వెనక కూర్చోబెడితే కడుపులో తిప్పుతుంది. ముందు సీటు ఇవ్వాలి. వెళ్ళేటప్పుడు ఎంతైనా ఆటపట్టించొచ్చు. వచ్చేటప్పుడు మాత్రం మాట్లాడించకూడదు. మొహం ముడుచుకుని ఉంటాడు. కోపం కాదు, నీరసం. కొత్తవాడు కోపమనుకుంటాడు. ఇది ఏ గడిలో రాస్తారు?"

"గడి లేదు, బాబాయ్. నేను చెప్తాను."

నర్సుని అడిగి ఆ ఊరి సెంటరు నంబరు తీసుకుంది. చాలాసేపు మోగింది. ఎవరో తొందరలో ఉన్న గొంతుతో ఎత్తారు.

"మీ దగ్గరికి కొత్తగా ఒక దర్జీగారు వచ్చారు. ఆయన ఎక్కే బండి ఎవరు నడుపుతారో కొంచెం చెప్తారా?" అని ఆమె మొదలుపెట్టింది.