మా కారుకి కట్టిన నాట్యవేదిక

ఆ రోజుల్లో బెజవాడలో కారు కొనడం పెద్ద విశేషమేమీ కాదు. ఆ కారుని మోసుకెళ్ళడానికి ఇంకో బండి కావాలన్న ఆడపిల్ల మాత్రం మా చుట్టాలందరిలో నేనొక్కదాన్నే. డిగ్రీ అయ్యి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆడిటరు గారి ఆఫీసులో కొత్తగా చేరిన కాలం అది. నాది పుట్టు కంగారు. గ్యాసు కట్టేశానా, గొళ్ళెం పెట్టానా, ఎక్కిన బస్సు సరైనదేనా అని రోజంతా హైరానా పడేదాన్ని. (మా మేనమామ నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి ‘కంగారూ’ అనే పిలిచేవాడు. ఇప్పటికీ అంతే.) అలాంటిదాన్ని స్టీరింగు ముందు కూర్చోబెడితే మాత్రం ఎక్కడలేని ధైర్యం వచ్చేసేది. ఎదురుగా ఉన్నది ఎలాగూ కనిపిస్తుంది, చూసుకుంటాం. నా భయమంతా వెనకాల ఏం జరుగుతోందో అన్నదాని గురించే. బహుశా అందుకే కాబోలు, దేవుడు సరిగ్గా నాకే, బండి వెనకాల తగిలించే ట్రైలర్ యోగం రాసిపెట్టాడు.

గుంటూరు అవతల ఒక మైదానంలో కార్ల పోటీ పెడుతున్నారని తెలిసింది. మట్టిలో రంగురంగుల కోన్లు నిలబెడతారు, వాటి మధ్య నుంచి కారుని మెలికలు తిప్పుకుంటూ తక్కువ టైములో బయటపడ్డవాళ్ళు గెలిచినట్టు. నా దగ్గరున్నది చేతులు మారి మారి వచ్చిన ఓ చిన్న కారు. వెనక సీట్లు పీకించి, లోపల ఇనప గొట్టాలతో పంజరం బిగించి, సైలెన్సర్ మార్పించేసరికి అది పోటీకి సిద్ధమైంది, రోడ్డుకి పనికిరాకుండా పోయింది. నాన్నగారు దాని చుట్టూ ఓసారి తిరిగి చూసి, ‘‘ఒక్కసారి వెళ్ళిరా. టైముకి చేరి, పోటీలో దిగి, కారూ నువ్వూ క్షేమంగా తిరిగొచ్చారా, ఉంచుకో. లేదంటే సోమవారం అమ్మకానికి పెట్టేస్తాను’’ అన్నారు. ఆయన మాటంటే మాటే. పోటీలో గెలుపు సంగతి దేవుడెరుగు, ముందు ఆ కారుని గీత పడకుండా కృష్ణ దాటించడం ఎలాగన్న దిగులు నన్ను పట్టుకుంది. రికవరీ వ్యాను మాట్లాడదామంటే మావయ్య ఒప్పుకోలేదు. ‘‘చెడిపోయిన కార్లని లాక్కుపోయే బండి మీద మన కారా? దారి పొడుగునా చుట్టాలున్నారే. యాక్సిడెంటయిందనుకుని పరామర్శకి వచ్చేస్తారు. నా జీపు ఉందిగా, వెనకాల తగిలించుకోవడానికి ఓ ట్రక్కు చేయిద్దాం, ఖర్చు నాది’’ అన్నాడు. మావయ్యకి గుడివాడ పక్కన చేపల చెరువులు, మనసు వాటికంటే పెద్దది.

ఇక నేను ఆఫీసులో లెక్కలు వదిలేసి ట్రైలర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నిద్ర తగ్గింది. ఒక ఇరుసు చాలదు, రెండు ఉండాలి, టైరు పేలినా పడిపోకుండా. బరువు తక్కువుండాలి, ఎత్తు తక్కువుండాలి, కారు పొట్ట రాసుకోకుండా ఎక్కే పలకలు పొడుగ్గా, ఏటవాలుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కారు బరువు ఇరుసుల కన్నా కాస్త ముందుకి పడి, లాగే బండికి తగిలించే కొక్కెం మీద కొంచెం ఆనాలి. వెనక్కి పడిందా, స్పీడులో ట్రైలర్ కుక్క తోకలా ఊగి లాగే బండినే తిరగేస్తుంది. ఇవన్నీ ఆదివారం భోజనాల దగ్గర మావయ్యకి, అత్తయ్యకి అప్పజెప్పాను. మావయ్య పప్పులో నెయ్యి కలుపుకుంటూ శ్రద్ధగా విని, ‘‘బాగుందే. మరి పోటీ ఏడాదికోసారి. మిగతా రోజుల్లో అదేం చేస్తుంది?’’ అన్నాడు.

కృష్ణా జిల్లాలో ఈ ప్రశ్న పుట్టిందంటే ఇక జవాబు దొరికేదాకా ఎవరికీ ముద్ద దిగదు. ఒక వస్తువు ఊరికే కూర్చుని ఉండటాన్ని మావాళ్ళు చూడలేరు. మావయ్యే ముందు మొదలుపెట్టాడు. ‘‘చుట్టూ తలుపులు పెట్టిద్దాం, చేపల మేత బస్తాలు తోలొచ్చు. వెనక తలుపు మాత్రం కిందికి వాలేట్టు గట్టిగా ఉండాలి.’’ అప్పటిదాకా వడ్డిస్తున్న అత్తయ్య గరిటె ఆపేసింది. ఆవిడ కూచిపూడిలో పిల్లలకి నాట్యం నేర్పుతుంది. ఏ ఊళ్ళో ప్రదర్శన అన్నా వేదిక కోసం బల్లలు ఏరుకోలేక చస్తున్నానని ఆవిడ బాధ. ‘‘పైన చెక్క పరిపిస్తే నాకు స్టేజీ అయిపోతుంది కదండీ! వెనక పరదా కట్టుకోవడానికి నాలుగు గొట్టాలు, మూలలకి కాళ్ళు. ఆ ఎక్కే పలకలేవో అంటోందిగా, వాటికి అడ్డ కమ్మీలు వేయిస్తే పిల్లలకి మెట్లు కూడా వచ్చేస్తాయి.’’ ‘‘అత్తయ్యా, బరువు పెరుగుతుంది’’ అన్నాను ఏడుపు గొంతుతో. ‘‘మా పిల్లలెంత బరువుంటారే?’’ అంది ఆవిడ. ఖర్చు మావయ్యది, వేదిక అత్తయ్యది, నోరు తప్ప నాదంటూ అందులో ఏమీ లేకపోయింది.

ఆటోనగర్లో మావయ్యకి తెలిసిన వెల్డింగు షాపాయన ఉండేవాడు. ట్రాక్టరు ట్రక్కులు, టిఫిను బళ్ళు చేయడంలో దిట్ట. కారు ట్రైలర్ మాత్రం చేయడం మాట అటుంచి, ఎప్పుడూ చూడనైనా లేదు. అయినా ఏం చెప్పినా ‘‘చేసేద్దామండి’’ అనేవాడు, అందుకే ఆయనకి ‘చేసేద్దాంగారు’ అని పేరు పెట్టుకున్నాను. రెండు ఇరుసులు? చేసేద్దామండి. నాట్యానికి చెక్క? చేసేద్దామండి. ఎత్తు తగ్గాలి? చేసేద్దామండి. (తగ్గలేదు. చెక్కా తలుపులూ పడ్డాక అది నా నడుము దాకా వచ్చింది.) ఒక్క విషయంలో మాత్రం నేను మంకుపట్టు పట్టాను. కారు ముందు చక్రాలు ఎక్కడ ఆగితే బరువు సరిగ్గా కొక్కెం మీద ఆనుతుందో కొలిపించి, ఆ రెండు చోట్లా అడ్డంగా ఇనప ముక్కలు వెల్డింగు చేయమన్నాను. అత్తయ్య ససేమిరా అంది. ‘‘వేదిక మధ్యలో ఇనప ముక్కలేంటే? పిల్లల వేళ్ళు చితుకుతాయి.’’ నేను షాపులోనే, అందరి ముందూ, టైర్ల గుట్ట మీద కూర్చుని ఏడ్చేశాను. మావయ్య కంగారుపడిపోయి, ‘‘పెట్టెయ్యవయ్యా బాబూ, ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమెందుకు’’ అన్నాడు. ముక్కలు పడ్డాయి. చెక్క వాటి చుట్టూ కోసి బిగించారు. అంత పెద్ద బండిలో నా మాట చెల్లింది ఆ జానెడు మేరే.

పోటీ ఆదివారం. అత్తయ్య తన కొత్త వేదిక మీద తొలి ప్రదర్శన శనివారం సాయంత్రం కూచిపూడిలో పెట్టుకుంది. నేను గగ్గోలు పెడితే, ‘‘మా ఆట శనివారం, నీ ఆట ఆదివారం. దేనికదే కదే’’ అంది. ఆదివారం తెల్లారుతూనే ఆటోనగర్లో కారు పక్కన నిలబడి ఎదురుచూస్తున్నాను. తొమ్మిదిలోగా కారుని తనిఖీకి చూపించకపోతే పోటీలోకి రానివ్వరు. అల్లంత దూరాన మావయ్య జీపు కనబడింది. దాని వెనకాల ఒక గుడి గోపురం వస్తోంది. దగ్గరికొచ్చాక అర్థమైంది, అది గుడ్డ మీద వేసిన గోపురం. ట్రైలర్ పొడుగునా ఒక పక్కగా పరదా గొట్టాలకి అలాగే బిగించి ఉంది, చుట్టూ బంతిపూల దండలు. ‘‘విప్పలేదేం మావయ్యా?’’ అంటే, ‘‘బిగించినవాడు పానా పట్టుకుని ఇంటికెళ్ళి పడుకున్నాడే. ఈ నట్లు మామూలు పానాలకి లొంగట్లేదు. ఉండనీ, అందంగానే ఉందిగా’’ అన్నాడు. చేసేద్దాంగారు టైము చూసి, ‘‘పలకలేసి ఎక్కించి ఇదంతా ఎందుకండీ, గొలుసేసి ఎత్తేద్దామండి’’ అంటూ షాపులో ఉన్న క్రేనుతో కారుని గాల్లోకి లేపి, గోపురం ముందు, నా ఇనప ముక్కల దగ్గర సరిగ్గా దింపాడు. నేను బెల్టులు బిగించాను, చూశాను, మళ్ళీ బిగించాను. టైర్లు తన్ని చూశాను. కొక్కెం పట్టుకుని ఊపి చూశాను. లోకంలో భయపడదగినవన్నీ ఒక్కొక్కటే భయపడ్డాను. ఒక్కటి మాత్రం తట్టలేదు. కొంప ముంచింది అదే.

బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నలు పడింది. స్కూటరు మీదున్న ఒకాయన మా వైపు చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి బస్సులోవాళ్ళు. గోపురం ముందు దండల మధ్య నా చిన్న కారు గంభీరంగా కూర్చుని అందరి దణ్ణాలూ అందుకుంది. మావయ్య నవ్వుతున్నాడు. నేను అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాను, నవ్వే స్థితిలో లేను. వారధి ఎక్కగానే నది మీది గాలి ఆ పరదాకి తెరచాపకి తగిలినట్టు తగిలింది. గోపురం ఉబ్బింది. ట్రైలర్ ఓసారి ఎడమకి జరిగింది, ఓసారి కుడికి, మళ్ళీ ఎడమకి ఇంకొంచెం ఎక్కువగా. మావయ్య కాలు బ్రేకు మీదికి పోవడం చూశాను. అలాంటప్పుడు బ్రేకు వేస్తే వెనకున్నది ముందుకొస్తుందని చదివిన ప్రతి చోటా రాసి ఉంది. ‘‘కాలు తియ్! బ్రేకొద్దు! ఆక్సిలేటరు వదిలెయ్, స్టీరింగు కదపకు!’’ అని జీపు అద్దాలు అదిరేలా అరిచాను. పెద్దవాళ్ళ మీద నేను గొంతెత్తడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మావయ్య బిత్తరపోయి రెండు కాళ్ళూ పైకెత్తేశాడు. జీపు మెల్లగా నెమ్మదించింది, ట్రైలర్ ఊపు తగ్గి దారికొచ్చింది.  వారధి దిగాక మావయ్య చెమట తుడుచుకుని, ‘‘ఆ ఇనప ముక్కలు ఉండబట్టి సరిపోయిందంటావా?’’ అన్నాడు. ‘‘అంటాను’’ అన్నాను.

తొమ్మిదికి కొంచెం ముందే మైదానం చేరాం. గుండె కుదుటపడింది. బెల్టులు విప్పి, ‘‘మావయ్యా, పలకలు తియ్యి’’ అన్నాను. మావయ్య ఇటు వెతికాడు, అటు వెతికాడు, బండి కింద వంగి చూశాడు. అప్పుడు తట్టింది ఇద్దరికీ. పలకలంటే మెట్లు. మెట్లు కూచిపూడిలో. అత్తయ్యకి ఫోను చేస్తే, ‘‘ఇక్కడే ఉన్నాయే, పిల్లలు దిగాక కడిగించి మరీ లోపల పెట్టించా. ఏం, కావాలా?’’ అంది ఎంతో ప్రశాంతంగా. తనిఖీ చేసే పెద్దమనిషి పాపం వేదిక మీదికి ఎగబాకి, దండలు పక్కకి తోసుకుంటూ కారంతా పరీక్షించి కిందికి దూకాడు. ‘‘కారు బాగుందమ్మా, పాసు చేశాను. కానీ పోటీ కింద జరుగుతుంది’’ అన్నాడు. చుట్టూ మూగిన కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. క్రేను లేదు. నడుమెత్తు గాల్లో కారు, కింద నేను. సోమవారం పొద్దున నాన్నగారు కారు ఫొటోలు తీస్తున్నట్టే కళ్ళకి కట్టింది. అక్కడే గడ్డిలో కూలబడ్డాను.

అలా కూలబడితేనే కనిపించింది. మైదానం అంచున కాలవ కట్ట ఉంది. ఇంచుమించు మా వేదిక అంత ఎత్తు, పైన కారు పట్టేంత వెడల్పు, అవతల చివర వాలుగా మైదానంలోకి దిగే బాట. ట్రైలర్ వెనక భాగాన్ని ఆ కట్టకి ఆనించగలిగితే చాలు. మావయ్య రివర్సు తీశాడు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోయింది, ఎడమకి తిప్పితే తుమ్మచెట్టు మీదికి పోయింది. గోపురానికి కొమ్మ గుచ్చుకుని చిరిగింది. ‘‘మీ అత్తకి నువ్వే చెప్పుకో’’ అంటూ దిగిపోయి తాళం నా చేతిలో పెట్టాడు. నేనెక్కాను. మెడ తిప్పి వెనక్కి చూశాను. చూస్తే చిత్రంగా భయం లేదు. బతుకంతా వెనక్కి చూస్తూనే గడిపినదాన్ని, ఆ చూపుకి మొదటిసారి ఒక పని దొరికింది. స్టీరింగు కిందివైపు పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో అటే చెయ్యి జరుపుతూ, జానెడు జానెడు వెనక్కి నడిపి కట్టకి ఆనించాను. మధ్యలో మిగిలిన సందు మీద మావయ్య మేత బస్తాల కోసం పెట్టించిన వెనక తలుపు వాల్చాడు. అది అటూ ఇటూ ఆని వంతెనలా నిలిచింది. కారు రివర్సులో కట్ట మీదికొచ్చి, బాటమీదుగా మైదానంలోకి దిగింది. అక్కడున్న జనమంతా చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. తనిఖీ పెద్దమనిషి కూడా కొట్టాడు.

పోటీలో చివరి నుంచి రెండోదాన్ని. (చివరి ఆయన కారు స్టార్టవలేదు.) కోన్లలో సగం నా బంపరు కిందే పడ్డాయి. తిరిగొచ్చేటప్పుడు కారుని ఆ కట్ట మీదుగానే మళ్ళీ బండెక్కించి, ఆటోనగర్లో క్రేనుతో దింపించాం. కార్ల పోటీల్లో ఆ తర్వాత కూడా కొన్నిసార్లు దిగాను కానీ, జనం నాకు చప్పట్లు కొట్టింది మాత్రం ఆ ఒక్కసారే, అదీ వెనక్కి నడిపినందుకు. నాన్నగారు ఆ సాయంత్రం మావయ్య నోట కథంతా విని, కారు చుట్టూ మళ్ళీ ఓసారి తిరిగి గీతలు వెతికారు. దొరకలేదు. ‘‘సరే, ఉంచుకో’’ అన్నారు. చిరిగిన గోపురం గురించి అత్తయ్య అన్న మాటలు ఇక్కడ రాయకూడదు.

ఆ కారు ఇప్పుడు లేదు. పెళ్ళి, పిల్లాడు, ఆఫీసులో పెద్ద కుర్చీ వచ్చాక ఎవరూ చెప్పకుండానే నేనే అమ్మేశాను. ట్రైలర్ మాత్రం ఊరికే కూర్చోలేదు, మావాళ్ళు కూర్చోనిస్తారా! మొన్నీమధ్య కూచిపూడిలో అత్తయ్య శిష్యుల ప్రదర్శనకి వెళ్ళాను. వేదిక మీద నా రెండు ఇనప ముక్కలు అలాగే ఉన్నాయి, రంగు పోయి నున్నబడి. పిల్లలు ఎంత జోరుగా ఆడుతున్నా అక్కడికొచ్చేసరికి కిందికి చూడకుండానే పాదం పక్కకి తీసి వేస్తున్నారు. అవెందుకున్నాయో ఆ పిల్లలకెవరికీ తెలియదు. నేనైతే నాట్యం సరిగ్గా చూడలేదు. చక్రాల కింద రాళ్ళు పెట్టారా లేదా అన్న దిగులు పట్టుకుని, మధ్యలో లేచి వెళ్ళి వేదిక వెనకాల వంగి చూస్తుంటే అత్తయ్య పట్టేసుకుంది. ‘‘నీ కారు దిగిపోయి ఎన్నేళ్ళయిందే, ఇంకా కంగారేనా?’’ అంది. ‘‘ఇంకా కంగారే అత్తయ్యా’’ అన్నాను నవ్వి, కాలితో ఒక రాయిని చక్రం కిందికి ఇంకాస్త తోసి.